పక్కా బిల్లు అడగడానికి మొహమాటమెందుకు?

చల్లపల్లి నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందున్నది. వారిది పైపులు, కుళాయిలు, విద్యుత్ సామగ్రి అమ్మే దుకాణం. భర్త కౌంటరు చూసుకుంటారు. రాత్రి పిల్లలు నిద్రపోయాక లెక్కల పుస్తకం తెరిచేది ఆమె. డిగ్రీలో కామర్స్ చదువుకున్నారు గనుక ఆడిటరు గారికి వెళ్లవలసిన కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళతాయి.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక టోకు వ్యాపారి దగ్గర వారు పాతికేళ్లుగా సరుకు తెచ్చుకుంటున్నారు. మూడు నెలల క్రితం ఆయన దగ్గరే 2,00,000 రూపాయల ప్లాస్టిక్ పైపులు కొన్నారు. 18 శాతం పన్ను 36,000 కలిపి మొత్తం 2,36,000 చెల్లించారు. చేతికి వచ్చింది మాత్రం ‘ఎస్టిమేట్’ అని పైన అచ్చువేసిన తెల్ల చీటీ. దాని మీద అమ్మినవారి పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, పన్ను ఎంతో విడిగా రాయలేదు. అడుగున ఒకే ఒక అంకె. పక్కా బిల్లు తర్వాత పంపుతామన్నారు, పంపలేదు. ఆడిటరు గారు నెలనెలా అడుగుతున్నారు. భర్త మాత్రం ఫోన్ చేయడానికి వెనకాడుతున్నారు. కరోనా ఏడాదిలో దుకాణం మూతపడితే ఒక్కసారి కూడా బాకీ అడగని మనిషి ఆయన. అలాంటివారిని బిల్లేదని నిలదీస్తే ఏం బాగుంటుందని ఆయన బాధ. “బిల్లు ఇవ్వడం ఆయన మర్యాదా, లేక మా హక్కా?” అని సోదరి అడిగారు.

సోదరీ, అది మీ హక్కే. ఆయన మంచితనానికి, దీనికి సంబంధం లేదు. అరువు ఇవ్వడం, బాకీ కోసం ఓపిక పట్టడం ఆయన చేసిన మేలు. దానికి మీరు జీవితాంతం కృతజ్ఞులై ఉండవచ్చు. బిల్లు మాత్రం చట్టం ఆయన మీద పెట్టిన బాధ్యత. జీఎస్టీ చట్టం 31వ సెక్షన్ ప్రకారం రిజిస్టరయిన వ్యాపారి పన్ను పడే సరుకు అమ్మితే, ఆ సరుకు తన దగ్గర నుండి కదిలేలోపే పన్ను బిల్లు రాసి తీరాలి. తర్వాత పంపుతాననడానికి అందులో చోటు లేదు. బిల్లు లేకుండా సరుకు అమ్మితే 10,000 రూపాయలు గానీ, ఎగవేసిన పన్నుతో సమానమైన మొత్తం గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానాగా పడుతుంది.

అయితే ఈ కాగితం విలువ ఏమిటో ఇంట్లో అందరికీ అర్థం కావాలి. లేకపోతే భర్తకు ఇది భార్య చాదస్తంగా, భార్యకు ఇది భర్త నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. వారి అంకెలే తీసుకుందాం. 2,00,000కు కొన్న పైపులను 2,30,000కు అమ్మారనుకోండి. దాని మీద గ్రామంలోని కొనుగోలుదారుల నుండి వసూలు చేసే పన్ను 41,400. చేతిలో పక్కా బిల్లు ఉండి, అది పోర్టల్‌లో కనిపిస్తే, తాము ముందే కట్టిన 36,000ను అందులో తగ్గించుకొని 5,400 మాత్రమే ప్రభుత్వానికి చెల్లిస్తారు. మిగిలిన 30,000 వారి లాభం. అందులోనే అద్దె, కరెంటు, కుర్రవాడి జీతం. బిల్లు లేకపోతే 41,400 పూర్తిగా కట్టాలి. అప్పుడు 36,000 భారం తమ మీదే పడి, 30,000 లాభం పోగా ఇంకో 6,000 చేతి నుండి పెట్టుకోవాలి. నెల రోజులు కౌంటరులో నిలబడిన మనిషి నష్టం చేతపట్టుకొని ఇంటికి వస్తాడన్నమాట. ఆ తెల్ల చీటీ ఖరీదు 36,000 రూపాయలు!

కొనుగోలుదారు దగ్గర బిల్లు ఉంటేనే ముందు కట్టిన పన్ను తగ్గించుకోగలగడం మన రాష్ట్రానికి 2017 జూలై 1న జీఎస్టీతో కొత్తగా వచ్చిన సంగతి కాదు. అంతకు పన్నెండేళ్ల ముందు, 2005 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ విలువ ఆధారిత పన్ను చట్టం, అంటే వ్యాట్, అమలులోకి వచ్చింది. అప్పటి వరకు 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద చాలా సరుకులకు ఒక్క దశలోనే పన్ను ఉండేది. వ్యాట్‌తో ప్రతి చేతి మార్పిడికీ పన్ను, ప్రతి దశలోనూ వెనుకటి పన్ను తగ్గింపు వచ్చాయి. ఒక వ్యాట్ డీలరు మరో వ్యాట్ డీలరుకు అమ్మితే పన్ను బిల్లు ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉన్నది. అంటే వన్‌టౌన్ వ్యాపారులకైనా, చల్లపల్లి, అవనిగడ్డ దుకాణదారులకైనా ఈ నియమం అలవాటు కావడానికి ఇరవై ఏళ్ల వ్యవధి దొరికింది. తెలియక జరుగుతున్నదని నేననుకోను.

జరుగుతున్నది ఇది: “బిల్లు కావాలంటే 18 శాతం అదనం, వద్దంటే ఇదే ధర.” ఈ మాట వినని చిల్లర వ్యాపారి మన జిల్లాలో ఉండడు. తక్కువ ధర చూసి మనసు లాగుతుంది. బిల్లు లేకుండా కొన్న సరుకును బిల్లుతో అమ్మితే పన్ను మొత్తం మన నెత్తిన పడుతుంది. కాబట్టి మనమూ బిల్లు లేకుండానే అమ్ముతాం. ఊళ్లో స్కూలు కట్టే కాంట్రాక్టరు వచ్చి బిల్లు అడిగితే మన దగ్గర ఉండదు, ఆయన మచిలీపట్నం వెళ్లిపోతాడు. పెద్ద గిరాకీ అలా పోతుంది. ఇక దారిలో ప్రమాదం వేరే ఉన్నది. 50,000 రూపాయలు దాటిన సరుకు బండి ఎక్కితే ఈ-వే బిల్లు ఉండాలి; మన రాష్ట్రంలో ఒక ఊరి నుండి మరో ఊరికి తెచ్చుకునే సరుకుకు కూడా 2018 ఏప్రిల్ 15 నుండి ఈ నియమం ఉన్నది. ఉయ్యూరు, పామర్రు మీదుగా వచ్చే ఆ పైపుల బండిని ఎక్కడైనా ఆపి ఉంటే, సరుకు విడిపించుకోవడానికి పన్నుకు రెండింతలు, అంటే 72,000 జరిమానా అయ్యేది. తెల్ల చీటీ చూపిస్తే అధికారి ఊరుకోడు.

దుకాణదారు కాని పాఠకులు ఈ సంగతి మనకెందుకని పేజీ తిప్పకండి. నేనే ఒకసారి ఇంటికి నీళ్ల మోటారు కొని, నాలుగు వందలు తగ్గుతాయని చీటీతో సరిపెట్టుకున్నాను. ఏడు నెలలకు మోటారు కాలిపోయింది. వారంటీ కావాలంటే బిల్లు చూపించమన్నారు. ఆ రోజు మా ఇంట్లో నాకు జరిగిన సన్మానం ఇక్కడ రాయను.

ఇప్పుడు పక్కా బిల్లు ఎలా ఉండాలో చూద్దాం. బిల్లు అంటే కంప్యూటరులో అచ్చువేసిన కాగితమని కాదు. చేత్తో రాసినా చెల్లుతుంది. అందులో అమ్మినవారి పేరు, చిరునామా, పదిహేను అక్షరాంకెల జీఎస్టీ నంబరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ వ్యాపారి అయితే ఆ నంబరు 37తో, తెలంగాణ వ్యాపారి అయితే 36తో మొదలవుతుంది. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్ నంబరు. బిల్లుకు వరుస సంఖ్య, తేదీ ఉండాలి. సరుకు పేరు, దాని హెచ్‌ఎస్‌ఎన్ కోడు, పరిమాణం, పన్ను పడే విలువ, పన్ను శాతం, పన్ను మొత్తం విడివిడిగా కనిపించాలి. విజయవాడ నుండి కొంటే కేంద్రానికి 9, రాష్ట్రానికి 9గా రెండు వరుసల్లో ఉంటుంది. హైదరాబాదు నుండి తెప్పిస్తే ఐజీఎస్టీ పేరిట 18 ఒకే వరుసలో. చివర సంతకం. సరుకు బిల్లుకు మూడు ప్రతులు ఉంటాయి. అసలు ప్రతి కొన్నవారిదే. రెండోది బండి వెంట, మూడోది అమ్మినవారి దగ్గర.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది: మీ దుకాణం పేరు, మీ జీఎస్టీ నంబరు అందులో తప్పు లేకుండా పడాలి. ఒక్క అక్షరం మారితే మీ 36,000 ముక్కూమొహం తెలియని ఎవరి ఖాతాలోనో కనిపిస్తుంది. చాలామంది బిల్లు చేతికి రాగానే అడుగున ఉన్న మొత్తం చూస్తారు. ముందు పైన ఉన్న మీ నంబరు చూడండి. దుకాణం నంబరును ఒక చిన్న అట్టముక్క మీద రాసి బండి తోలే కుర్రవాడి జేబులో పెట్టండి. నోటితో చెబితే ‘బి’ని ‘డి’గా రాయడం మామూలే. ఏ ఏడాదైనా 5 కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారి అయితే 2023 ఆగస్టు 1 నుండి బిల్లు మీద క్యూఆర్ కోడు కూడా తప్పనిసరి. అది లేని కాగితం బిల్లు కిందికే రాదు.

అమ్మే వ్యాపారి కాంపోజిషన్ పథకంలో ఉంటే పద్ధతి వేరు. ఏడాదికి 1.5 కోట్ల లోపు వ్యాపారం ఉన్నవారు ఎంచుకునే పథకం అది. వారు మీ నుండి పన్ను వసూలు చేయకూడదు, పన్ను బిల్లు ఇవ్వలేరు; ‘బిల్ ఆఫ్ సప్లయ్’ మాత్రమే ఇస్తారు. తాము పన్ను వసూలు చేయడానికి అర్హులం కామని దాని పైభాగాన రాయాలి కూడా. కాబట్టి బేరం కుదరక ముందే “మీరు రెగ్యులరా, కాంపోజిషనా?” అని అడగండి. జీఎస్టీ పోర్టల్‌లో వారి నంబరు కొట్టినా తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ రద్దయిందా, రిటర్నులు వేస్తున్నారా అన్నదీ అక్కడే కనబడుతుంది. ఇక మీరే కాంపోజిషన్‌లో ఉంటే మీకు పన్ను తగ్గింపు రాదు. అయినా సరుకు ఎక్కడిదో చెప్పడానికి బిల్లు కావలసిందే.

కాగితం చేతికి వచ్చినంత మాత్రాన పని పూర్తయిందనుకోకండి. 2022 జనవరి 1 నుండి మరో షరతు చేరింది: అమ్మినవారు ఆ బిల్లును తమ రిటర్నులో చూపాలి, అది మీ జీఎస్టీఆర్-2బి పట్టీలో కనిపించాలి. నెలనెలా రిటర్ను వేసేవారికి గడువు మరుసటి నెల 11వ తేదీ. మీ పట్టీ 14న తయారవుతుంది. ఆ రాత్రి మీ లెక్కల పుస్తకాన్ని, ఆ పట్టీని పక్కపక్కన పెట్టుకోండి. బిల్లు కనిపించకపోతే వెంటనే అమ్మినవారిని అనుమానించవద్దు. చిన్న వ్యాపారులు మూడు నెలలకు ఒకసారి వివరాలు ఇచ్చే పద్ధతిలో ఉండవచ్చు. అప్పుడు ఆ త్రైమాసికం ముగిశాకే కనిపిస్తుంది. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకుంటే నిష్కారణంగా మాట పట్టింపులు రావు.

ఇక్కడ చట్టం మీద నా ఫిర్యాదు ఒకటి ఉన్నది. కొన్నవారు ధర, పన్ను రెండూ చెల్లించారు, బిల్లు తీసుకున్నారు. అమ్మినవారు ఆ పన్ను ప్రభుత్వానికి కట్టలేదు. నోటీసు ఎవరికి వస్తుంది? కొన్నవారికి. పన్ను ఖజానాకు చేరితేనే క్రెడిట్ నిలుస్తుందని 16వ సెక్షన్ అంటుంది. చల్లపల్లిలో కూర్చున్న సోదరి వన్‌టౌన్ వ్యాపారి బ్యాంకు ఖాతాలోకి ఎలా తొంగిచూస్తుంది? 2021లో మద్రాసు హైకోర్టు ఇలాంటి కేసులో, పన్ను వసూలు చేసుకొని కట్టని విక్రేతను వదిలి కొనుగోలుదారు వెంట ఎందుకు పడుతున్నారని అధికారులను ప్రశ్నించింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ వ్యాట్ చట్టం కింద వచ్చిన కేసులో, అమ్మకం నాటికి రిజిస్టరయి ఉన్న విక్రేతల నుండి సదుద్దేశంతో కొని పన్ను చెల్లించినవారికి క్రెడిట్ నిరాకరించడాన్ని సమర్థించలేదు. ఇవి ఊరటనిచ్చే తీర్పులు.

కానీ వాటినే నమ్ముకొని నిశ్చింతగా ఉండలేం. 2023 మార్చిలో అదే సుప్రీంకోర్టు కర్ణాటక కాఫీ వ్యాపారుల కేసులో, బిల్లు, చెక్కు చూపితే చాలదని, సరుకు నిజంగా చేతులు మారిందని నిరూపించే బాధ్యత కొన్నవారిదేనని చెప్పింది. బండి నంబరు, కిరాయి రసీదు, సరుకు అందినట్లు సంతకం కావాలన్నది. అదే ఏడాది జూలైలో మన రాష్ట్ర హైకోర్టు ఒక ప్లైవుడ్ వ్యాపార సంస్థ కేసులో గడువు దాటిన క్రెడిట్‌ను ఒప్పుకోలేదు. అది షరతులతో ఇచ్చే వెసులుబాటే గానీ అడ్డూ అదుపూ లేని హక్కు కాదన్నది. తర్వాత 2024లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 2017-18 నుండి 2020-21 వరకు నాలుగేళ్ల బిల్లులకు గడువు సడలించింది గానీ, ఆ తర్వాతి ఏళ్లకు పాత గడువే. కనుక సరుకు తెచ్చిన ఆటో కిరాయి చీటీని కూడా బిల్లుకు పిన్ను కొట్టి ఉంచండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి.

ఒక సోదరుడు నాతో వాదించారు: దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలోని 282వ ఆయత్ అప్పటికప్పుడు చేతులు మారే వ్యాపారానికి రాతపని లేకపోయినా దోషం లేదంటుంది గదా, ఇక బిల్లు కోసం ఇంత పట్టుదల ఎందుకు? నిజమే, ఆ వెసులుబాటు ఉన్నది. కానీ ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆ ఆయత్ మొదలయ్యేది గడువు పెట్టుకున్న బాకీ వ్యవహారాన్ని రాసుకోమనే ఆదేశంతో. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని, దానివల్ల మీ మధ్య అనుమానాలకు తావుండదని చెబుతుంది. వన్‌టౌన్ నుండి వచ్చే సరుకులో సగం అరువే. పైగా రాయకపోయినా తప్పు లేదనడం వేరు, ఎదుటివారు కాగితం అడిగితే ఇవ్వకపోవడం వేరు.

తిర్మిజీ హదీసు సంకలనంలో ఒక ఉదంతం ఉన్నది. అద్దా బిన్ ఖాలిద్ (రజి) అనే సహచరుడు దైవప్రవక్త (స) తన కోసం రాయించిన ఒక పత్రాన్ని తర్వాతి కాలంలో ఒకరికి బయటకు తీసి చదివి వినిపించారు. అది ఒక కొనుగోలు పత్రం. ఆనాటి ఆచారం ప్రకారం జరిగిన బానిస క్రయం. అందులో అమ్మినవారి పేరు ఉన్నది, కొన్నవారి పేరు ఉన్నది, కొన్నదేమిటో ఉన్నది, దానిలో దాచిన లోపమేదీ లేదన్న హామీ ఉన్నది. అమ్మింది సాక్షాత్తూ దైవప్రవక్త (స). ఆయన మాట మీద నమ్మకం లేక కాగితం పుట్టిందని ఎవరైనా అనగలరా? కొన్నవారు దాన్ని అన్నేళ్లు దాచుకున్నారు.

పన్ను పేరిట తీసుకున్న 36,000 సంగతి కూడా ఈ వెలుగులోనే చూడాలి. పన్నుల న్యాయాన్యాయాల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. కానీ పన్ను అని చెప్పి ఎదుటివాడి జేబు నుండి తీసుకున్న సొమ్ము అమ్మినవారి చేతిలో అమానత్. దాన్ని ఖజానాకు చేర్చకపోతే, కొన్నవారికి దాని రుజువూ ఇవ్వకపోతే, అది తోటివాని సొమ్ము తినడమే. మన దుకాణాల్లోనూ ఇది జరుగుతున్నది గనుకనే రాస్తున్నాను. ఈ ఉత్తరం రాసిన సోదరి ఇంటివారు కూడా తమ కొనుగోలుదారులకు ఏ చీటీ ఇస్తున్నారో ఒకసారి చూసుకోవాలి.

సరే, ఇప్పుడు చేయవలసింది. మీ వారు ఫోన్ చేయనక్కరలేదు, స్వయంగా వెళ్లి కూర్చొని మాట్లాడమనండి. “సేట్ గారూ, మీ మేలు మరవలేదు, మీతో వ్యాపారం మానం. ఆ బిల్లు లేకపోతే నాకు 36,000 నష్టం” అని అంకె చెప్పమనండి. పాతికేళ్ల స్నేహితుడికి అంకె అర్థమవుతుంది. తిరిగి వచ్చాక ఒక వాట్సాప్ సందేశం పంపండి: తేదీ, సరుకు, మొత్తం, మీ జీఎస్టీ నంబరు. ఆయన ఇప్పుడు బిల్లు రాసి తన రిటర్నులో చూపినా మీకు ఉపయోగమే. సరుకు కొన్న ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకు క్రెడిట్ తీసుకునే గడువు ఉంటుంది. ఆలస్యం ఆయన తప్పు, దాని సంగతి ఆయన చూసుకుంటారు. ఇకముందు ధరను వెంటనే ఇచ్చి, పన్ను భాగాన్ని బిల్లు మీ పట్టీలో కనిపించాక ఇస్తామని ముందే ఒప్పుకోండి; చాలామంది అలా చేస్తున్నారు. అయితే బిల్లు తేదీ నుండి 180 రోజుల లోపు మొత్తం చెల్లించకపోతే మీ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి పోతుంది, అది మరవవద్దు.

ఎంత అడిగినా ఇవ్వకపోతే, మీ చీటీ, బ్యాంకు చెల్లింపు రుజువు, సందేశాలు జత చేసి వాణిజ్య పన్నుల శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్ సంగతి కొందరు అడుగుతుంటారు. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతుంది. కానీ తిరిగి అమ్మడానికి కొన్నవారిని ఆ చట్టం వినియోగదారులుగా లెక్కించదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి తాము వాడుకునేందుకు కొన్న కుట్టుమిషను వంటి వాటికి మినహాయింపు ఉన్నది. మీ పైపులకు అది వర్తించదు.

ఉత్తరం చివర మీరు చిన్న అక్షరాలతో రాసిన మాట ఒకటి ఉన్నది. ఆయన గుమాస్తా “మా దగ్గర కాకపోతే ఇంకో ఫర్మ్ పేరున బిల్లు సర్దుతాం” అన్నాడని, ఒప్పుకోవచ్చా అని. ఒప్పుకోకండి. సరుకు ఒకరు పంపి బిల్లు మరొకరు ఇస్తే అది నకిలీ బిల్లు. దాని మీద క్రెడిట్ తీసుకున్నవారికీ జరిమానా ఉన్నది. మొత్తాలు పెద్దవైతే జైలు కూడా. ఆ ఫర్మ్ మూతపడిన రోజున నోటీసు మీ దుకాణం తలుపు కొడుతుంది, అప్పుడు గుమాస్తా ఫోన్ ఎత్తడు. సేట్ గారి సొంత బిల్లు రాకపోతే 36,000 నష్టం రాసుకొని ఆ పేజీ మూసేయండి. మీ వారు విజయవాడ వెళ్లి వచ్చాక ఏమైందో నాకు రాయండి, ఇన్‌షా అల్లాహ్ వచ్చే సంచికలో చూద్దాం.